దిబ్బ కింద గొర్రెపిల్ల

మా ఊరికి పడమటగా పొలాల మధ్య ఒక దిబ్బ ఉండేది. పైన తుమ్మచెట్లు, కింద బూడిద రంగు మట్టి. పైరుకు మంచిదని రైతులు ఆ మట్టిని బండ్లకెత్తి తోలుకునేవారు. అందులో అప్పుడప్పుడూ పెంకులూ ఎముకలూ వచ్చేవి. పూర్వం అక్కడ శవాలు కాల్చేవారని కొందరు, రాక్షసులు వంట చేసుకున్నారని కొందరు చెప్పేవాళ్ళు. పొద్దు వాలాక అటు పోయే మనిషి లేడు. నేను ఎస్సెల్సీ ముగించి, ఇంట్లో నాయన మగ్గానికి నూలు కండెలు చుట్టిపెడుతూ కూర్చున్న రోజుల్లో, అంటే డెబ్బైల చివర్లో, మద్రాసు నుంచి చదువుకున్నవాళ్ళు వచ్చి ఆ దిబ్బను తవ్వడం మొదలుపెట్టారు.

మాది నేతవాళ్ళ వీధి. కడంబత్తూరులో రైలు దిగి నడిచి రావాలి. వీధిలో అందరం ఇంట్లో తెలుగు, బయట తమిళం. నాకు రెండూ చదవడం రాయడం వచ్చునని తెలిసి తవ్వకాల వాళ్ళు పనికి పిలిచారు. పని ఏమిటంటే, దొరికిన ఎముకలను నీళ్ళలో మెత్తని బ్రష్షుతో కడిగి, నీడన ఆరబెట్టి, నల్లసిరాతో వాటిమీద నెంబర్లు వెయ్యడం. అమ్మ మొదట ఒప్పుకోలేదు. "ఎవురివో ఎముకలు ముట్టుకొని వచ్చి ఇంట్లో నూలు ముట్టుకుంటావా?" అంది. చివరకు, దొడ్డి దారిన వచ్చి తలమీద నీళ్ళు పోసుకున్నాకే లోపలికి రావాలన్న షరతు మీద పంపింది.

ఎముకల పని చూసే ఆవిడ నెల్లూరు వైపు మనిషి. మద్రాసులో పాఠాలు చెప్పేదట. అందుకని వీధంతా ఆమెను టీచరమ్మ అనేది. నలభై దాటిన వయసు, మాట తక్కువ. మా వీధి చివరి ఇల్లు అద్దెకు తీసుకుని ఉండేది. నేను కడిగి పెట్టిన ఎముకలను చాపమీద పరుచుకుని, ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసేది.

"ఇది గొర్రె. మేక కాదు," అంది ఒకరోజు, మడమ దగ్గరి చిన్న ఎముక ఒకటి నా అరచేతిలో పెట్టి. "రెండూ దాదాపు ఒకలాగే ఉంటాయి. నాకూ ఒక్కోసారి తెలియదు. తెలియనప్పుడు తెలియదనే రాస్తాను."

"గొర్రె అయితే ఏమి, మేక అయితే ఏమి?" అన్నాను.

"మన దక్షిణాదిలో అడవిగొర్రె అన్నది లేదమ్మా. దాని పుట్టిల్లు ఎక్కడో వాయవ్యాన, కొండల అవతల. ఇక్కడ వేల ఏళ్ళనాటి మట్టిలో గొర్రె ఎముక ఉందంటే దాన్ని ఎవరో తోలుకొచ్చారని అర్థం. వాళ్ళకు దాన్ని ఇంకెవరో ఇచ్చి ఉంటారు. అట్లా ఎన్ని తరాలు నడిచి ఇక్కడికి వచ్చాయో."

ఆ మాట విన్న రోజునుంచి నాకు ఆ దిబ్బ దిబ్బలాగా కనిపించడం మానేసింది. ఎవరో నడిచొచ్చి ఆగిన చోటులాగా ఉండేది. మధ్యాహ్నం ఎండలో అందరూ తుమ్మచెట్ల నీడకు పోయినప్పుడు నేనొక్కదాన్నే గుంట పక్కన కూర్చుంటే, వాళ్ళు ఇప్పుడే మందను తోలుకుని అటు పోయారనీ, సాయంత్రానికి తిరిగి వస్తారనీ అనిపించేది.

టీచరమ్మ నాకు కొద్దికొద్దిగా చూడడం నేర్పింది. పిల్లగొర్రె కాలి ఎముక చివర సీసామూత లాంటి ముక్క విడిగా ఉంటుంది. వయసు వచ్చేకొద్దీ అది ఎముకకు అతుక్కుపోతుంది. దవడలో పాలపళ్ళు ఉన్నాయా, కొత్తపళ్ళు వచ్చాయా, అవి ఎంత అరిగాయి అన్నదాన్నిబట్టి ఆ జీవం ఏ వయసులో పోయిందో చెప్పవచ్చు. ఆ దిబ్బలోని గొర్రెల్లో ఎక్కువ భాగం పొట్టేళ్ళు రెండేళ్ళు నిండకుండానే కత్తికి పోయాయట. ఆడవి మాత్రం పళ్ళు అరిగి ముసలివయ్యేదాకా ఉన్నాయట.

"పిల్లల్ని పెట్టేదాన్ని ఉంచుకుని, పెట్టనిదాన్ని తిన్నారు," అంది టీచరమ్మ. "మంద తరిగిపోకుండా తినడం తెలిసినవాళ్ళు."

ఎముకల మీద సన్నని గాట్లు ఉండేవి. మూలుగ కోసం నిలువునా పగలగొట్టిన తొడ ఎముకలు ఉండేవి. ఇవన్నీ చూసి ఇంటికి పోతే, ఆదివారం కూరలో ఎముక చివర మూతలాగా ఊడి వచ్చినప్పుడు నా చెయ్యి కంచంలోనే ఆగిపోయేది.

మా ఇంట్లో ఒక సంగతి గురించి ఎవరమూ మాట్లాడేవాళ్ళం కాదు. నాకొక తమ్ముడు ఉండేవాడు. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా వాడికి జ్వరం వచ్చింది. తిరువళ్ళూరు ఆసుపత్రికి తీసుకుపోతూ ఉండగానే బస్సులో అమ్మ ఒళ్ళో పోయాడు. వాడికప్పుడు మూడేళ్ళు కూడా నిండలేదు. మా వాళ్ళలో చిన్నబిడ్డలను పూడుస్తారు. ఆడవాళ్ళు వెంట పోకూడదు. నాయనా పెదనాయనా వాణ్ణి తుండుగుడ్డలో చుట్టి చెరువు వైపు ఎత్తుకుపోయారు. తిరిగొచ్చి నీళ్ళు పోసుకున్నారు. నాయన మరునాడే నేతకు మగ్గం గుంటలో కూర్చున్నాడు. అమ్మ వాడి పేరు మళ్ళీ ఎత్తలేదు, యాడ పెట్టినారని అడగనూ లేదు.

తవ్వకం మొదలైన ఏడాదే ఊత్తుకోట వైపునుంచి ఒక గొర్రెలమంద వచ్చి మా ఊరి చేలల్లో ఆగింది. అందులో ఒక గొర్రె ఈనుతూ చచ్చిపోయింది. పిల్ల బతికింది. కాపరి దాన్ని చంకలో పెట్టుకుని మా వీధిలోకి వచ్చి, "ఎవురన్నా సాకుతారా? తల్లి లేదు. ఇది మాతో నడిచేది కాదు," అని అడిగాడు. వీధిలో ఎవరూ ముందుకు రాలేదు. అమ్మ మాత్రం కండె కింద పెట్టి లేచింది.

అది పొట్టేలుపిల్ల. ఎర్రగా, కాళ్ళు పుల్లల్లాగా ఉండేది. అమ్మ దూది వత్తిని పాలలో ముంచి దాని నోట్లో పెట్టేది. ఒళ్ళో పడుకోబెట్టుకునేది. పేరు పెట్టలేదు. "రా" అంటే వచ్చేది. మగ్గం కింద దూరి నాయన కాళ్ళు నాకితే నాయన విసుక్కునేవాడు గాని తోలేవాడు కాదు.

టీచరమ్మకు ఆ పిల్లంటే ఇష్టం. పుట్టిన రోజు కచ్చితంగా తెలిసిన గొర్రె దొరకడం అరుదని చెప్పింది. కాపరులను అడిగితే "పోయిన వానలప్పుడు" అంటారట. అందుకని వారానికొకసారి మా ఇంటికి వచ్చి దాని నోరు తెరిచి పళ్ళు చూసేది. అమ్మ దాని తల పట్టుకునేది. "పాలపండ్లే ఇంకా. బిడ్డ గదా," అనేది. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ముఖం చూడలేక నేను లోపలికి పోయేదాన్ని.

రెండో ఏడు తవ్వకాల్లో, అడుగున, పూర్వపు ఇంటి నేల ఒకటి బయటపడింది. తొక్కి తొక్కి గట్టిపడ్డ మట్టి. దాని మూల చిన్న గుంట. నేను బ్రష్షుతో దుమ్ము తీస్తూ ఉంటే ఒక చిన్న పుర్రె కనిపించింది. ఇంకొంచెం తీస్తే మెడ, తరువాత వెన్ను. టీచరమ్మ నన్ను పక్కకు జరగమని తానే కూర్చుంది. సాయంత్రానికి మొత్తం తేలింది. ఒక గొర్రెపిల్ల. కాళ్ళు ముడుచుకుని, ఒక పక్కకు ఒరిగి, తల వెనక్కి తిప్పుకుని పడుకుని ఉంది. ఒక్క ఎముకా విరగలేదు, ఒక్క గాటూ లేదు. అంత దిబ్బలో కోయనిదీ తిననిదీ అదొక్కటే.

ఆ రోజు నాకు కూడు తెచ్చిన అమ్మ గుంట అంచున నిలబడి చూసింది.

"దీన్నెందుకు తినలా?" అంది.

"తెలియదమ్మా," అంది టీచరమ్మ. "జబ్బుతో పోయిందేమో. దేవుడికి పెట్టారేమో. ఎముకను బట్టి అది చెప్పలేను. పుట్టి కొన్ని వారాలే అయింది. ఇంట్లో, నేల కింద పెట్టారు. నాకు తెలిసింది అంతే."

"ఇంట్లోనేనా?"

"ఇంట్లోనే. పొయ్యి పక్కన."

అమ్మ సద్దిగిన్నె తీసుకుని వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం మా గొర్రెపిల్లను పక్కన కూర్చోబెట్టుకుని పొయ్యి ముందు చాలాసేపు ఉంది. అప్పటికి అది పిల్ల కూడా కాదు. కొమ్ములు మొలుస్తూ, వీధిలో కనిపించినవాళ్ళనల్లా తలతో పొడుస్తూ ఉండేది.

ఆ వేసవిలోనే అది పోయింది. వీధిలో పెళ్ళి. నానబెట్టిన బియ్యం తట్టలు పందిట్లో ఉంటే ఎవరూ చూడనప్పుడు దూరి కడుపునిండా తినేసింది. మధ్యాహ్నానికి కడుపు ఉబ్బి మా ఇంట్లో నేలమీద పడి కాళ్ళు కొట్టుకోవడం మొదలుపెట్టింది. నూనె తాపారు. కడుపు పిసికారు. నురగ వచ్చింది. మా వీధిలో మాంసం కొట్టే మామ పందిట్లోనే ఉన్నాడు. వచ్చి చూసి నాయనతో చెప్పాడు: "అన్నా, ఇది నిలిచేది లేదు. పానం ఉండగానే కోసేస్తే పనికొస్తాది. సీక్రం చెప్పు."

నాయన అమ్మవైపు చూశాడు. "ఏం మే? చచ్చిపోతే ఎవురికీ కాకుండా పోతాది..."

"ముట్టుకోవద్దండి," అంది అమ్మ. గట్టిగా కూడా అనలేదు. దాని తల ఒళ్ళో పెట్టుకుని ఉంది. అది పోయేదాకా అట్లాగే కూర్చుంది. పందిట్లో నాదస్వరం వాయిస్తూనే ఉన్నారు.

టీచరమ్మ వచ్చి గుమ్మం దగ్గర నిలబడింది. ఏదో అడగాలని వచ్చి అడగలేక నిలబడిందని నాకు అర్థమైంది. చివరకు అమ్మ పక్కన నేలమీద కూర్చుని, "అమ్మా, మీకు కష్టంగా ఉంటే వద్దని చెప్పండి. నేనేమీ అనుకోను. దీని ఎముకలు నాకు ఇస్తారా?" అంది.

"ఏం చేస్తారు?"

"మట్టిలో పెడతాం. వానలు పోయాక ఎముకలు తీసి దాచుకుంటాను. దీని వయసు రోజులతో సహా తెలుసు కదా. దిబ్బలో దొరికేవాటి పక్కన దీన్ని పెట్టి చూస్తే వాటి వయసు తెలుస్తుంది."

"నరకరు గదా?"

"నరకను."

"యాడ పెడతారు?"

"దిబ్బ వెనక, మా షెడ్డు పక్కన. మీరూ రండి."

అమ్మ తలెత్తింది. "నేనా? ఆడోళ్ళు రావచ్చునా?"

"ఎందుకు రాకూడదు?"

అమ్మ వచ్చింది. కూలీలు గుంట తీశారు. నడుంలోతు. అమ్మ దాన్ని తన పాత చీరముక్కలో చుట్టి తెచ్చింది. టీచరమ్మ, గుడ్డ వద్దనీ మట్టి నేరుగా తగలాలనీ మెల్లగా చెప్పింది. అమ్మ గుడ్డ విప్పింది. దాన్ని తన చేతులతోనే దించి, కాళ్ళు ముడిచి, తల వెనక్కి తిప్పింది. నేను టీచరమ్మ వైపు చూశాను. టీచరమ్మ తల వంచుకుని ఉంది. నాయన దూరంగా, తుమ్మచెట్ల కింద నిలబడ్డాడు. దగ్గరికి రాలేదు.

తరువాత వానలు వచ్చాయి. తవ్వకాల వాళ్ళు మద్రాసు వెళ్ళిపోయారు. నేను మళ్ళీ కండెలు చుట్టడానికి కూర్చున్నాను. అప్పుడు మొదలైంది ఆ అరుపు.

మధ్యాహ్నం భోజనాల వేళ వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే ఆగుతాయి. ఆ సద్దుమణిగిన సమయంలో పెరటివైపు నుంచి వినిపించేది. గొర్రె అరుపే. సన్నగా, పాలకోసం అరిచే చిన్నపిల్ల అరుపు. చచ్చినప్పటి ఈడుది కాదు. మొదటిసారి లేచి పోయి చూశాను. పెరట్లో ఏమీ లేదు. వీధిలో ఎవరి దగ్గరా పిల్లలున్న గొర్రె లేదు. నా మనసే అట్లా ఉందనుకుని ఎవరికీ చెప్పలేదు.

ఒకరోజు అమ్మ అన్నం వడ్డిస్తూ గరిటె అట్లాగే పట్టుకుని నిలిచిపోయింది. పెరటివైపు చూస్తూ ఉంది. నాకూ అప్పుడే వినిపించింది. ఇంకోరోజు, వీధి మగ్గాలు ఇంకా ఆగకముందే, నాయన పోగు నడిపే నాడె విసరబోయి ఆపేశాడు. కాసేపు తల పక్కకు వంచి కూర్చున్నాడు. తరువాత మళ్ళీ నేశాడు. ముగ్గురమూ వింటున్నామని నాకు తెలిసింది. ఒకరితో ఒకరం అనుకోలేదు. కంచాల ముందు తలలు వంచుకుని తిన్నాం. అది గొర్రెపిల్ల అరుపేనా అన్న అనుమానం కూడా నాకు వచ్చింది. తమ్ముడు ఆకలేస్తే ఏడ్చే ఏడుపు ఎలా ఉండేదో గుర్తుచేసుకోవాలని చూస్తే రాలేదు. దానికే ఎక్కువ భయం వేసింది.

మూడో ఏడు టీచరమ్మ వచ్చిన వారంలోనే షెడ్డు పక్కన గుంట తెరిచింది. అమ్మకు కబురు చేసింది. అమ్మ గుంట అంచున గొంతుక్కూర్చుంది. మట్టి తియ్యగా తియ్యగా ఎముకలు తేలాయి. లేత గోధుమ రంగులో ఉన్నాయి. కాలి ఎముకల చివరి మూతలు విడిగా, కొంచెం ఎడంగా జరిగి ఉన్నాయి. పెట్టినప్పుడు ఎట్లా పెట్టామో అట్లాగే ఉంది. అంతకుముందు ఏడాది పూర్వపు ఇంటి నేల కింద చూసినదే మళ్ళీ చూస్తున్నట్టు అనిపించింది.

టీచరమ్మ దవడ తీసి అమ్మ చేతికిచ్చింది. ముందు రెండు పాలపళ్ళు పోయి, కొత్తపళ్ళు చిగుళ్ళున్న చోట అప్పుడే తలెత్తి ఉన్నాయి.

"మట్టిలో పెడితే ఇన్నాళ్ళకి ఇట్లయితాదా?" అంది అమ్మ.

"అవునమ్మా."

"అన్నిటికీ ఇట్లనేనా?"

"అన్నిటికీ."

అమ్మ దవడ మీది మట్టిని బొటనవేలితో తుడిచింది. "చిన్నోళ్ళకి?"

టీచరమ్మకు మా ఇంటి సంగతి తెలియదు. కాని ఆ ప్రశ్న దేన్ని గురించో ఆమెకు అర్థమైంది. ఏదో ఒక ఓదార్పు మాట చెబుతుందనుకున్నాను. ఆమె ఉన్నదే చెప్పింది. "చిన్నవాళ్ళ ఎముకలు మెత్తనివి. అంతా మట్టిని బట్టి ఉంటుంది. ఇక్కడి మట్టిలో సున్నం ఉంది కాబట్టి నిలుస్తాయి. నీళ్ళు నిలిచే చోట అయితే... ఏమీ మిగలకపోవచ్చు."

"ఏమీనా?"

"మిగలకపోవచ్చమ్మా."

అమ్మ తల ఊపింది. దవడను జాగ్రత్తగా టీచరమ్మ చేతికి తిరిగిచ్చింది.

ఆ సాయంత్రం నాయన మగ్గం దిగి కాళ్ళు కడుక్కుంటూ ఉంటే అమ్మ చెంబు పట్టుకుని పక్కన నిలబడింది.

"బిడ్డను యాడ పెట్టినారు?"

నాయన చెయ్యి నీళ్ళకింద అట్లాగే ఉండిపోయింది. ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న రాదని ఆయన నమ్మకం పెట్టుకున్నట్టున్నాడు.

"చెరువుకాడ."

"చెరువుకాడ యాడ?"

"ఇప్పుడెందుకు మే అదంతా..."

"నేను చూడాల. గొర్రెను చూస్తి. నా బిడ్డను చూడలేదు."

నాయన తుండుతో ముఖం తుడుచుకుని, ఆ తుండు చాలాసేపు తియ్యలేదు. "రేపు చూపిస్తా," అన్నాడు తుండు లోపలినుంచే.

పొద్దున్నే ముగ్గురం పోయాం. అమ్మ చిన్న గిన్నెలో పాలు తెచ్చుకుంది. చెరువులో సగానికి నీళ్ళున్నాయి. కట్టను అంతకు ముందెప్పుడో కొత్తగా ఎత్తు చేశారు. గట్టుకింద మట్టి తీసిన గుంతలు అక్కడక్కడా ఉన్నాయి. నాయన ముందు నడిచాడు. ఒకచోట ఆగాడు. కాదన్నట్టు ముందుకు పోయాడు. ఈతపొదల దగ్గర మళ్ళీ ఆగి, వెనక్కి తిరిగి ఊరివైపు చూసి, ఇంకొంచెం పక్కకు జరిగాడు.

"ఈడే," అన్నాడు.

అమ్మ కూర్చుంది. రెండు అరచేతులూ నేలమీద ఆనించింది. తమ్ముణ్ణి పేరుపెట్టి పిలిచింది. అన్నేళ్ళ తరువాత ఆ పేరు వినడం అప్పుడే. పాలు పోసింది. నేల వెంటనే పీల్చేసింది. అప్పుడు ఏడ్చింది, బస్సులో ఏడవనిదంతా. నేను ఆమె భుజం పట్టుకుని నాయన వైపు చూశాను. నాయన ఆ చోటును చూడడం లేదు. నీళ్ళవైపు చూస్తున్నాడు.

అమ్మకు ఆ రోజుతో అరుపు ఆగిపోయింది. ఆమె నోటితో చెప్పలేదు, కాని భోజనాల వేళ పెరటివైపు చూడడం మానేసింది. మనిషి తేరుకుంది. తమ్ముడు ఇట్లా అనేవాడు, అట్లా నవ్వేవాడు అని నాతో చెప్పడం మొదలుపెట్టింది. గొర్రెపిల్ల ఎముకలు ఒక అట్టపెట్టెలో టీచరమ్మతో మద్రాసు పోయాయి. ఆ తరువాత తవ్వకాలు ఆగిపోయాయి. దిబ్బ మిగిలిన భాగాన్ని రైతులే బండ్లకెత్తి చేలకు తోలుకున్నారు. ఇప్పుడక్కడ చదును నేల.

ఎనభైల్లో, నాకు పెళ్ళయ్యాక, ఒకసారి నాయనతో నూలుకోసం తిరుత్తణి పోయాను. తిరుగు బస్సులో ఆయన కిటికీ పక్కన కూర్చున్నాడు. ఎందుకో ఆపుకోలేక అడిగాను.

"నాయనా, ఆ చోటు నిజంగా అదేనా?"

ఆయన కిటికీ ఊచకు తల ఆనించాడు. నిద్రపోయాడేమో అనుకున్నాను.

"ఆ పొద్దు వాన కొడతా ఉండింది," అన్నాడు కిటికీలోంచి చూస్తూనే. "నాకేమీ కనపడలా బిడ్డా. మీ పెదనాయన తవ్వినాడు. నేను వాణ్ణి పట్టుకొని నిలబడినా. అంతే తెలుసు." బస్సు దిగేటప్పుడు, "మీ అమ్మకు చెప్పొద్దు," అన్నాడు.

పెదనాయన అప్పటికే లేడు. అడగడానికి ఇంకెవరూ లేరు.

నేను చెప్పలేదు. అమ్మ ఏటా తమ్ముడు పోయిన నెలలో పాలగిన్నె తీసుకుని చెరువుకు పోతూనే ఉంది. నేను ఊళ్ళో ఉన్నప్పుడు నన్నూ రమ్మనేది. ఈతపొదల దగ్గర గడ్డి పీకి, నేల చదును చేసి, పాలు పోసేది. నేను పక్కన నిలబడి చెరువు చుట్టూ చూసేదాన్ని. గట్టు పొడవునా, నీళ్ళ అంచునా ఎక్కడైనా కావచ్చు. ఎక్కడ కాలు పెట్టాలన్నా భయంగా ఉండేది. అమ్మ లేచి, చీర దులుపుకుని, "పోదాం పద, ఎండెక్కుతా ఉండాది," అని ముందు నడిచేది. ఆమె అడుగు పెట్టిన చోటే నేనూ పెడుతూ వెనకే వచ్చేదాన్ని.